కాట్స్‌వోల్డ్స్ డే టూర్: ఊళ్లు సూపర్, టైమే చాల్లేదు

లండన్ నుంచి మినీబస్ టూర్‌లో కాట్స్‌వోల్డ్స్ (ఇంగ్లండ్‌లో పాత రాతి ఇళ్ల పల్లెలున్న కొండ ప్రాంతం) వెళ్లొచ్చాం, 5కి 3 ఇస్తాను. బైబరీ అనే ఊళ్లో ఆర్లింగ్టన్ రో అనే పాత ఇళ్ల వరుస మాత్రం చూసి తీరాలి, 1380 ప్రాంతంలో ఉన్ని దాచడానికి కట్టిన గిడ్డంగిని 17వ శతాబ్దంలో నేతగాళ్ల ఇళ్లుగా మార్చారు, తేనె రంగు రాతి గోడలు, పైకప్పు మీద పెంకుల బదులు కూడా రాతి పలకలే. పక్కనే కోల్న్ నది, నీళ్లు ఎంత తేటగా ఉన్నాయంటే గట్టు మీంచే ట్రౌట్ చేపలు కనిపించాయి. కానీ అక్కడ మాకిచ్చింది 45 నిమిషాలు, అందులో పావుగంట టాయిలెట్ క్యూకే పోయింది! బోర్టన్-ఆన్-ది-వాటర్ అనే ఇంకో ఊళ్లో మాత్రం గంటన్నర ఇచ్చారు. విండ్‌రష్ నది మీద పొట్టి రాతి వంతెనలు, బాతులు, ఇసకేస్తే రాలనంత జనం. అన్నట్టు, ఆర్లింగ్టన్ రో పాత ఇళ్లలో మనుషులు కాపురం ఉంటున్నారు, కిటికీల్లోకి తొంగి చూడకండి బాబూ. వీలైతే కారు అద్దెకు తీసుకుని పొద్దున్నే బస్సులు రాకముందే బైబరీ చేరండి.