ఎనిమిదేళ్లుగా ఎక్సెల్ మాక్రోలతో చార్టులు: నా అనుభవం

నెలకోసారి నాకు పన్నెండు సీఎస్‌వీ ఫైళ్లు (కామాలతో విడదీసిన మామూలు టెక్స్ట్ పట్టికలు) వస్తాయి. వాటిని ఎక్సెల్‌లోకి తెచ్చి, చార్టులు గీసి, పవర్‌పాయింట్‌లో ఇరవై నాలుగు స్లైడ్లుగా పెట్టాలి. చేత్తో చేసినన్నాళ్లూ రెండు రోజులు పట్టేది. ఎనిమిదేళ్లుగా మాక్రోతో, అంటే ఆఫీస్‌లోనే ఉండే వీబీఏ అనే ప్రోగ్రామింగ్ భాషలో రాసిన కోడ్‌తో చేస్తున్నాను. ఇప్పుడు గంట చాలు. అందులో మాక్రో నడిచేది నాలుగు నిమిషాలే, మిగతాదంతా సరిచూసుకోవడం. ఆ సరిచూడటం ఎందుకు మానలేకపోయానో ముఖ్యంగా చెప్పాలనుంది.

మొదలుపెట్టింది మాక్రో రికార్డర్‌తో. నేర్చుకోవడానికి అంతకంటే మంచి గురువు లేదు. కానీ అది మనం చేసింది ఉన్నదున్నట్టు రాసుకుంటుంది. రికార్డు చేసిన రోజు 340 వరుసలుంటే కోడ్‌లోనూ 340 అనే ఉంటుంది. మరుసటి నెల 362 వరుసలొచ్చినా చార్టు 340 దగ్గరే ఆగుతుంది, ఎర్రర్ కూడా రాదు. డేటాను టేబుల్‌గా మార్చి చార్టును ఆ టేబుల్‌కి కట్టాక ఈ బాధ తీరింది. పవర్‌పాయింట్‌లో 2007 వెర్షన్ నుంచీ రికార్డరే లేదు. ఆ సగం కోడ్ మనమే రాసుకోవాలి.

చార్టు గీయడం నిజానికి సులువైన భాగం. నన్ను ఏడిపించింది ఫైలును లోపలికి తెచ్చుకోవడం. అన్నిటికంటే తేదీలు. సీఎస్‌వీని డబుల్ క్లిక్ చేసి తెరిస్తే మన కంప్యూటర్ సెట్టింగ్ ప్రకారం తేదీలు సరిగ్గా కనిపిస్తాయి. అదే ఫైలును మాక్రోతో తెరిస్తే, తెరిచే ఆదేశంలో లోకల్ అనే ఆర్గ్యుమెంటుకు (అదనపు సూచనకు) ట్రూ అని ఇవ్వనంతవరకూ, వీబీఏ వాటిని అమెరికా పద్ధతిలో నెల ముందు, రోజు తర్వాత అని చదువుతుంది. మార్చి 5 కాస్తా మే 3 అవుతుంది. పన్నెండు దాటిన రోజులు నెలలుగా కుదరవు కాబట్టి నెలలో తొలి పన్నెండు రోజులే తారుమారవుతాయి. లైన్ చార్టు అయితే గీత ఏడాదంతా పాకి వెంటనే దొరికిపోయేది. నాది నెలవారీ మొత్తాల బార్ చార్టు. మార్చిలో పదకొండు రోజుల లెక్కలు వేరే నెలల్లోకి పోయాయి, తొలి పన్నెండింటిలో మార్చి 3 ఒక్కటే చెక్కుచెదరలేదు. ఆ స్లైడు రెండు సమావేశాల్లో చూపించాక గానీ పట్టుకోలేకపోయాను. తప్పు నేను రాసిన కోడ్‌దే. ఇప్పటికీ తలచుకుంటే బాధగానే ఉంటుంది.

అప్పటి నుంచి ఫైలును నేరుగా తెరిచే వర్క్‌బుక్స్ ఓపెన్ ఆదేశం వాడటం మానేసి, డేటాను షీటులోకి దిగుమతి చేసే క్వెరీటేబుల్స్‌తో తెస్తున్నాను. ఏ కాలమ్ టెక్స్టో, ఏది తేదీయో, అది ఏ క్రమంలో ఉందో అక్కడే చెప్పేయవచ్చు. లోపల తెలుగు పేర్లున్న ఫైళ్లకు అందులోనే టెక్స్ట్‌ఫైల్‌ప్లాట్‌ఫాం అనే సెట్టింగ్ విలువ 65001 ఇస్తే యూటీఎఫ్-8గా (అన్ని భాషల అక్షరాలనూ దాచే పద్ధతి) చదువుతుంది, అక్షరాలు చెడవు. సున్నాతో మొదలయ్యే కోడ్ నంబర్లను, పదిహేను అంకెలు దాటిన నంబర్లను తప్పకుండా టెక్స్ట్‌గానే తెచ్చుకోండి. లేకపోతే ముందు సున్నా పోతుంది, పదహారో అంకె నుంచి అన్నీ సున్నాలవుతాయి. ఎక్సెల్ జన్యువుల పేర్లను తేదీలుగా మార్చేస్తోందని శాస్త్రవేత్తలు 2020లో కొన్ని జన్యువుల పేర్లే మార్చుకున్నారు. ఇది చిన్న సమస్య కాదు.

స్లైడ్ల వైపు నా మొదటి పద్ధతి కాపీ, పేస్ట్. పది స్లైడ్లు బాగానే వెళ్లి, పదకొండో దాని దగ్గర క్లిప్‌బోర్డు ఖాళీగా ఉందని ఎర్రర్ వచ్చేది. కాపీ పూర్తయ్యేలోపే పేస్ట్ పరిగెత్తడం వల్ల అలా అవుతుంది. మధ్యలో డూఈవెంట్స్ (మిగతా పనులు ముగించుకోవడానికి కాస్త వీలిచ్చే ఆదేశం) పెట్టి, కుదరకపోతే మళ్లీ ప్రయత్నించేలా లూప్ రాస్తే చాలావరకు తగ్గింది. ఇప్పుడు వేరే దారి పట్టాను. చార్టులు ముందే అమర్చిన టెంప్లేట్ ఉంచుకుని, ఒక్కో చార్టుకు ఒక పేరు పెట్టి, మాక్రోతో దాని డేటా షీటును మాత్రమే నింపుతున్నాను. కాస్త నెమ్మదే, కానీ రంగులూ కొలతలూ కదలవు, చూసేవాళ్లు స్లైడులోనే అంకెలు తెరిచి చూసుకోవచ్చు.

ఎర్రర్ వచ్చినా పట్టించుకోకుండా తర్వాతి లైనుకు వెళ్లమనే ఆన్ ఎర్రర్ రెజ్యూమ్ నెక్స్ట్ అనే లైను మాత్రం ఈ పనిలో వద్దే వద్దు. డేటా రాకపోయినా మాక్రో ఆగదు, స్లైడులో పోయిన నెల చార్టు అలాగే ఉండిపోతుంది.

కొన్ని ఇబ్బందులు అలవాటు చేసుకోవాల్సిందే. మాక్రో షీటును మార్చాక అన్‌డూ పనిచేయదు, అందుకే ముందు కాపీ సేవ్ చేస్తాను. ఇంటర్నెట్ నుంచి వచ్చిన ఫైళ్లలో మాక్రోలను 2022 నుంచి ఆఫీస్ ముందే ఆపేస్తోంది. మెయిల్లో పంపితే అవతలివాళ్లు ప్రాపర్టీస్‌లో అన్‌బ్లాక్ చేసుకోవాలి. బ్రౌజర్‌లో తెరిచే ఎక్సెల్‌లో వీబీఏ అసలు నడవదు.

కొత్తగా మొదలుపెట్టేవాళ్లకు నేనైతే ఫైళ్లు తెచ్చే పనిని పవర్ క్వెరీకి (కోడ్ రాయకుండానే డేటాను తెచ్చి సర్దే ఎక్సెల్ సాధనం) ఇచ్చి, స్లైడ్ల పనికి మాత్రమే మాక్రో రాయమంటాను. ఎక్సెల్ 2016 నుంచి అది లోపలే ఉంది, తేదీల పద్ధతిని కాలమ్‌కొకటిగా ఎంచుకోనిస్తుంది.

ఏ దారిలో తెచ్చినా ఒక సరిచూపు ఉండాలి. నా మాక్రో ప్రతి ఫైల్లో ఉన్న లైన్లనూ, షీటులోకి వచ్చిన వరుసలనూ లెక్కపెడుతుంది. తేడా వస్తే స్లైడ్ల జోలికే పోకుండా ఆగిపోతుంది. పోయిన నెల అలాగే ఏడో ఫైలు దగ్గర ఆగింది, ఒక వరుస తక్కువ. వెతికితే ఒకచోట కొటేషన్ గుర్తు మూయలేదు, రెండు లైన్లు కలిసి ఒకే వరుసైపోయాయి. సరిచేసి మళ్లీ నడిపాను, నాలుగు నిమిషాల్లో ఇరవై నాలుగు స్లైడ్లూ వచ్చాయి.