కునుకా, కునికిపాటా, మగతా: ఏది మేలు?

మూడూ ఒకటే అన్నట్టు వాడేస్తుంటాం. కానీ పక్కనున్న క్రియ చూడండి, తేడా తెలిసిపోతుంది. కునుకు తీస్తాం. కునికిపాట్లు పడతాం. మగత కమ్ముతుంది. మొదటిది మన చేతిలో ఉన్నది, మిగతా రెండూ మన ప్రమేయం లేకుండా వచ్చి మీద పడేవి. నా ఓటు కునుకుకే.

తిరుమల దర్శనం క్యూ కంపార్ట్‌మెంట్లలో ఈ కునుకును చూడాలి. గోడకు ఆనుకొని ఒకరు, సంచి తలకింద పెట్టుకొని ఒకరు. గేటు గొళ్ళెం చప్పుడైతే చాలు, "గోవిందా" అంటూ అందరూ ఒక్కసారిగా లేచి నిలబడతారు. అంత సులువుగా లేవగలిగేది అది పైపై నిద్ర కాబట్టే. కోడినిద్ర అనేదీ దీన్నే. ఇరవై నిమిషాల్లో లేస్తే ఒళ్ళు తేలికవుతుంది. అరగంట దాటితే గాఢనిద్రలోకి జారిపోతాం, లేచాక తల దిమ్ముగా ఉంటుంది. కింద తిరుపతిలో గోవిందరాజస్వామి సంగతి వేరు. కుబేరుడి అప్పుకు డబ్బు కొలిచి కొలిచి అలసిపోయి, కుంచం తలకింద పెట్టుకొని పడుకున్నాడని మనవాళ్ళు చెప్పుకుంటారు. దాన్ని కునుకనలేం!

అన్నట్టు, "కంటిమీద కునుకు లేదు" అనేటప్పుడు ఈ మాటకు తేలిక నిద్ర అనే అర్థం పోయి, అసలు నిద్రే లేదని వస్తుంది. కూతురి పెళ్ళి టెన్షన్‌లో ఉన్న తండ్రి అనే మాట అది.

కునికిపాటుకు క్లాసులోనో హరికథలోనో అయితే నవ్వుకుంటాం. కునికే నక్కమీద తాటిపండు పడ్డ సామెత ఉండనే ఉంది. రాత్రి దర్శనం చేసుకొని, తెల్లారేలోపు చెన్నై చేరాలని ఘాట్ రోడ్డు దిగేవాళ్ళ విషయంలో మాత్రం అది నవ్వులాట కాదు. నలభై కిలోమీటర్ల వేగంలో మూడు సెకన్లు తల వాలితే బండి ముప్పై మీటర్లకు పైగా తనంతట తానే పోతుంది. "అన్నా, తూగుతా ఉండావే" అని పక్కవాళ్ళు అన్నాక కూడా పాటల సౌండ్ పెంచి నెట్టుకురావడం దండగ. బండి ఆపగలిగే చోట ఆపి, టీ తాగి వెంటనే ఇరవై నిమిషాలు కునుకు తీయడం మేలు. టీ పనిచేయడం మొదలయ్యేసరికి మెలకువ వస్తుంది. అంటే కునికిపాటుకు మందు కునుకే.

మగతకు ఆ మందు పనిచేయదు. అది జలుబు మాత్ర వల్ల రావచ్చు, జ్వరం వల్ల రావచ్చు. షుగర్‌కు మందులు వాడే పెద్దాయన వేళగాని వేళ మగతగా ఉంటే, కునుకు తీస్తున్నాడులే అని దుప్పటి కప్పి రాకండి. ముందు షుగర్ చూడండి. షుగర్ పడిపోయి ఉండి, ఆయన మింగగలిగితే పంచదార నీళ్ళు తాగించాలి. పిలిచినా పలకకపోతే మాత్రం నోట్లో ఏమీ పోయకుండా 108కి ఫోన్ చేయాలి.