ఊరికే వచ్చిన పాత సామాను: ఇంట్లో ఏళ్ల తరబడి వాడాక ఏది నిలబడింది, ఏది విసిగించింది

ఇల్లు బాగుచేయించుకుంటున్నారని తెలిస్తే చాలు, ఫోన్లు మొదలవుతాయి. "పాత తలుపులు తీసేస్తున్నాం, నీకు పనికొస్తాయా?" అని ఒకరు, "టైల్స్ మిగిలిపోయాయి, పట్టుకెళ్లు" అని ఇంకొకరు. మాకూ అలా చాలానే వచ్చాయి. కొన్ని తెచ్చుకున్నాం, ఎక్కువవాటికి వద్దన్నాం. తెచ్చుకున్నవి బిగించి ఏళ్లు గడిచాయి కాబట్టి, వాటి సంగతి ఇప్పుడు గట్టిగానే చెప్పగలను.

పూర్తి మార్కులు టేకు తలుపులకే. పాత టేకు బాగా ఆరిపోయి ఉంటుంది. కొత్తగా కోసిన చెక్కలా తేమకు ఉబ్బడం, ఎండకు వంకర తిరగడం చాలా తక్కువ. ఇన్నేళ్లలో ఒక్క తలుపూ గుమ్మంలో ఇరుక్కోలేదు, గడియ కూడా తేలిగ్గా పడుతోంది. కానీ అవి గుమ్మంలోకి చేరడానికి పట్టిన పని చూస్తే ఊరికే వచ్చాయని అనలేం. పాత బందుల కోసం చెక్కిన గాళ్లు మా గుమ్మం బందులకు ఎదురుగా రాలేదు. కార్పెంటర్ ప్రతి గాడిలోనూ అదే జాతి చెక్కముక్కను జిగురుతో అతికించి, ఆరాక రందా పట్టి, కొత్త చోట మళ్లీ చెక్కాడు. ఒక తలుపు ఎడమవైపు తెరుచుకునేది, మాకు కావాల్సింది కుడివైపు. రంగు కింద దాగిన ఒక మేకు తగిలి రంపం బ్లేడు పళ్లు ఊడిపోయాయి. ఆ తర్వాత కోతకు ముందు ప్రతి పలకమీదా అయస్కాంతం తిప్పి చూడటం అలవాటైంది. మొత్తం కూలి లెక్కేస్తే, మామూలు కొత్త తలుపు కొని బిగించినంత అయింది. టేకు కాబట్టి ఆ కూలికి విలువ ఉంది. అదే లోపల బోలుగా ఉండే ఫ్లష్ డోరైతే నేను ఒప్పుకునేదాన్ని కాదు.

తలుపుల దగ్గరే ఇంకో మాట. పాత రంగుల్లో సీసం ఉండొచ్చు. దాన్ని పొడిగా ఉప్పుకాగితంతో రుద్దితే లేచే దుమ్ము గదంతా పరుచుకుంటుంది. నేలమీద ఆడుకుంటూ చేతులు నోట్లో పెట్టుకునే పిల్లలకు అది మరీ ప్రమాదం, మెదడు ఎదుగుదలనే దెబ్బతీస్తుంది. సీసం విషయంలో ఇంతవరకు పర్వాలేదు అనే హద్దు ఏదీ లేదని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. అందుకే మా తలుపుల రంగు ఇంట్లో గోకలేదు. ఆరుబయట ప్లాస్టిక్ పట్టా పరిచి, చెక్కను తడుపుతూ, మంచి మాస్కు పెట్టుకుని గోకి, ఆ పెచ్చులన్నీ మూటకట్టి వేరుగా పారేయించాం. మంటపెట్టి రంగు ఊడదీసే పద్ధతి అసలే వద్దు, ఆ పొగలోనూ సీసం ఉంటుంది. తలుపు ఇస్తామన్నవాళ్లు ఈ సంగతి చెప్పరు, చాలామందికి తెలియదు కూడా.

టైల్స్ సంగతి వేరు. ఎక్కడో మిగిలిన పెట్టెలు, చూడ్డానికి అన్నీ ఒకే తెలుపు. పెట్టెమీద ముద్రించే బ్యాచ్, షేడ్ నంబర్లు వేరైతే రంగులోనూ కొలతలోనూ సన్నని తేడా ఉంటుంది. చేతిలో పట్టుకుంటే కనిపించదు. గోడకు అతికాక, పక్కనుంచి వెలుతురు పడినప్పుడు వరస వరసకూ తెలిసిపోతుంది. మా స్నానాలగదిలో రోజూ కనిపించే దృశ్యం అదే. అంతకన్నా పెద్ద చిక్కు పైపు లీకైనప్పుడు వచ్చింది. నాలుగు పలకలు పగలగొట్టక తప్పలేదు, అలాంటివి మళ్లీ ఎక్కడా దొరకలేదు. అక్కడ ఇప్పుడు వేరే రంగు పట్టీ ఉంది. టైల్స్ ఎవరిచ్చినా సరే, వేయాల్సిన జాగాకు పది శాతం అదనంగా, అన్నీ ఒకే బ్యాచ్‌వి ఉంటేనే తీసుకోవాలి. ఒకరి నేలమీంచి ఊడదీసినవైతే చూడ్డానికి కూడా వెళ్లొద్దు. వెనక అంటుకున్న సిమెంటు గీకేలోపు సగం పలకలు విరుగుతాయి.

వద్దన్నవాటి గురించి నాకు ఇప్పటికీ ఏ బాధా లేదు. పాత కరెంటు వైర్లు అన్నిటికన్నా ముందు చెప్పాలి. పైన తొడుగు ఏళ్ల వేడికి బిరుసెక్కి ఉంటుంది, గోడలో పైపులోంచి లాగేటప్పుడు ఎక్కడ చిట్లిందో కంటికి కనిపించదు. గోడలో కప్పేసేదానిలో పొదుపు చూడకూడదు. పాత జీఐ పైపులు, అంటే జింకు పూత వేసిన ఇనుప పైపులు, బయటికి నున్నగా కనిపించినా లోపల తుప్పుతో సగం పూడిపోయి ఉంటాయి. పాత ఫ్లష్ ట్యాంకుల్లో ఒకసారి లాగితే పది లీటర్ల పైన పోసేవి ఉన్నాయి. ఇప్పటివి ఆరు లీటర్లతోనో, సగం బటన్‌తో మూడు లీటర్లతోనో పని కానిస్తాయి. ఆస్‌బెస్టాస్ రేకులను కోసినా, చిల్లు పెట్టినా గాలిలో కలిసే నూగు ఊపిరితిత్తుల క్యాన్సర్ తెస్తుంది, అది చర్చ కూడా అక్కర్లేని విషయం. మిగిలిపోయిన సిమెంటు బస్తాలో వేలితో నలిపినా విడిపోని గడ్డలుంటే దాని బలం అప్పటికే పోయినట్టే.

అద్దాల విషయం కాస్త విడమరిచి చెప్పాలి, ఆశపెట్టేవి అవే. షవర్ పక్కన పెట్టే దళసరి టఫెన్డ్ (వేడిచేసి గట్టిపరిచిన) గాజు పలక ఒకటి, గీత కూడా లేనిది, ఇస్తామన్నారు. మా జాగా కంటే నాలుగు అంగుళాలు వెడల్పు. మామూలు గాజైతే కోయించుకోవచ్చు. టఫెన్డ్ గాజును తయారయ్యాక కోయడం కుదరదు, చిల్లు వేయడం కుదరదు. ప్రయత్నిస్తే మొత్తం చిన్న చిన్న పలుకులుగా రాలిపోతుంది. దానికోసం గోడే జరుపుదామా అన్న ఆలోచన మా ఇంట్లో నిజంగానే వచ్చింది. నాడా దొరికిందని గుర్రాన్ని కొన్నట్టు ఉంటుందని ఆగిపోయాం.

ఊరికే వచ్చే సామానుతో అసలు ఇబ్బంది ఇదే. వస్తువు ముందొస్తుంది, దానికోసం ప్లాన్ వంగుతుంది. పైగా పని నడుస్తున్న ఇంట్లో జాగా బంగారంతో సమానం. వాడని పలకలు, చట్రాలు ఒక గదిలో పేర్చితే ఆ గదిలో పని మొదలైనప్పుడు ఇంకో గదికి, అక్కడినుంచి వరండాలోకి మోయించాలి. మోసిన ప్రతిసారీ కూలి, ప్రతిసారీ ఒకటో రెండో విరగడం. చెక్కకు చెద ఉంటే అది ఇంటికీ అంటుకోవచ్చు. సన్నని చిల్లులు, వాటికింద పిండిలాంటి పొడి కనిపిస్తే పురుగు ఇంకా లోపల తింటున్నట్టే, ఆ చెక్క గేటు దాటి లోపలికి రాకూడదు.

ఇప్పుడు మాకు ఎవరు ఫోన్ చేసినా జవాబు ఒకటే. "అన్నయ్యా, పొడవు, వెడల్పు, మందం కొలిచి ఫొటోతో పంపించు, రేపు చెబుతా." కొలతలు వచ్చాక మా డ్రాయింగ్ తీసి చూస్తాం. అందులో అప్పటికే రాసి ఉన్న జాగాకు సరిపోతే, ఊడదీయడం ఎవరు, బండి ఎవరిది, కార్పెంటర్ కూలి ఎంత అని అడిగి, కొత్తదాని ధరతో పక్కపక్కన రాసుకుంటాం. సరిపోకపోతే అదే రోజు వద్దని చెప్పేస్తాం, వాళ్లు ఇంకొకరికి ఇచ్చుకుంటారు. ఇలా చెప్పినందుకు ఇంతవరకు ఎవరూ నొచ్చుకోలేదు. మొహమాటానికి తెచ్చుకుని వరండాలో పడేస్తేనే, ఇచ్చినవాళ్లు వచ్చి చూసినప్పుడు కష్టంగా ఉంటుంది.

వచ్చే విడత స్నానాలగది పని. టైల్స్ కొత్తవే, అన్నీ ఒకే బ్యాచ్‌వి, ఒక పెట్టె అటకమీద దాచుకునేలా కొంటున్నాం. పాత సామానులో ఈసారి వెతుకుతున్నది ఒక్క టేకు కిటికీ చట్రమే, దాని కొలత రాసి తెలిసినవాళ్లకు పంపాం. గోడ పని అయ్యేలోపు దొరక్కపోతే కార్పెంటర్ కొత్తది చేసిస్తానన్నాడు.