ప్రాగ్‌లో ఇద్దరం: డబ్బు బసకు పెట్టండి, ప్యాకేజీలకు వద్దు

యూరప్‌లో జంటగా తిరగడానికి ఏ ఊరు బాగుంటుందని అడిగితే మనవాళ్లలో చాలామంది పారిస్ అంటారు, లేదంటే వెనిస్. మేము మాత్రం పెళ్లిరోజుకు చెక్ దేశపు రాజధాని ప్రాగ్ వెళ్లాం, మే నెల మొదట్లో. ఈ మధ్యనే పెళ్లయిన మా మేనకోడలు అక్కడ ఏం చూడాలి, ఎక్కడ ఉండాలి, దేనికి ఎంత పెట్టాలని అడుగుతోంది. ఆమెకు చెప్పిందే ఇక్కడ వివరంగా రాస్తున్నాను. ఈ ఊళ్లో ఇద్దరికీ గుర్తుండిపోయే గంటల్లో చాలావాటికి టికెట్ లేదు. ఖర్చు పెట్టవలసింది బస మీద. 'జంటలకు ప్రత్యేకం' అంటూ అమ్మేవాటిలో చాలావరకు వదిలేయవచ్చు.

వ్లతావా నది ఊరి మధ్య నుంచి పారుతుంది. తూర్పు ఒడ్డున పాత పట్టణం, దాని చౌరస్తా, గడియారం. పడమటి ఒడ్డున కొండ మీద కోట, కోట కింద మాలా స్ట్రానా అనే పాత పేట. మొదట పాత పట్టణంలో దిగాం. గది శుభ్రంగా ఉంది, మంచం బాగుంది, అడుగు బయట పెడితే చౌరస్తా. కానీ కింద వీధంతా బార్లే. పెళ్లికి ముందు మిత్రులతో తాగి తిరగడానికి ఇతర దేశాల నుంచి గుంపులుగా వచ్చే యువకులకు ప్రాగ్ పాత అడ్డా. రాత్రిళ్లు బార్ల వెంట తిప్పే టూర్లను నగరపాలక సంస్థ 2024లో నిషేధించింది. గుంపులు తగ్గాయేమో గానీ అరుపులు మాకు తెల్లవారుజాము దాకా వినిపించాయి. అక్కడే ఉండాలనుకుంటే వీధి వైపు కాకుండా లోపలి పెరటి వైపు గది కావాలని బుక్ చేసేటప్పుడే రాసి పెట్టండి.

తర్వాత నది దాటి మాలా స్ట్రానాకు మారాం. ఏటవాలు సందులో పాత ఇల్లు, పైకప్పుకు రంగులద్దిన చెక్క దూలాలు, అర్ధచంద్రాకారపు చిన్న కిటికీ. లిఫ్టు లేదు. పెట్టెలు మా వారే మోశారు. రాళ్లు పరిచిన వీధుల్లో చక్రాల పెట్టె లాగడం కూడా కష్టమే. మోకాళ్ల నొప్పులున్నవారు లిఫ్టు సంగతి ముందే కనుక్కోవాలి. పొద్దున రోహ్లీక్ అనే పొడవాటి బన్ను, జున్ను, ఉడికించిన గుడ్లు, ప్లమ్ పండు జామ్ పెట్టేవారు. రాత్రి తొమ్మిది దాటితే ఆ వీధిలో మా అడుగుల చప్పుడు మాకే వినిపించేది. అద్దె పాత పట్టణంలో కంటే కొంచెం ఎక్కువే, అయినా మళ్లీ వెళితే మొదటి రోజు నుంచీ అక్కడే ఉంటాం. డబ్బు చూసుకోవాలంటే వినోహ్రాడీ అనే పేట మంచిది. చెట్లున్న వీధులు, స్థానికులు వెళ్లే హోటళ్లు, పక్కనే మెట్రో. వారం పైన ఉండేవారికి, వంట చేసుకునేవారికి అదే సౌకర్యం.

ఇక చార్లెస్ వంతెన. పగలు పది గంటలకు అక్కడికి వెళ్లి నిరాశపడి వచ్చినవాళ్లు నాకు తెలుసు. తిరునాళ్లలో నడిచినట్టే ఉంటుంది. మేలో సూర్యోదయం ఐదు, ఐదున్నర మధ్య. ఆ వేళకు వెళ్లండి. 516 మీటర్ల పొడవు, 16 కమానులు, రెండు వైపులా 30 విగ్రహ సమూహాలు. నాలుగో చార్లెస్ చక్రవర్తి శంకుస్థాపన చేసిన కథ మన ఇళ్లలో అందరికీ నచ్చుతుంది: జ్యోతిష్కులు చూసిన ముహూర్తం 1357వ సంవత్సరం, 9వ తేదీ, 7వ నెల, 5 గంటల 31 నిమిషాలు. వరుసగా రాస్తే 1-3-5-7-9-7-5-3-1. బేసి అంకెలు ఎక్కి దిగుతాయి, ఏ చివర నుంచి చదివినా ఒకటే. నిజంగా ఆ నిమిషానికే రాయి వేశారో లేదో గానీ, ఆ వేళకే వంతెన మీద నిలబడి మా వారు ఈ అంకెలు చెబుతుంటే నాకు ఒళ్లు పులకరించింది.

విగ్రహాల్లో అన్నిటికంటే పాతది నెపొముక్ జాన్‌ది, 1683లో పెట్టారు. ఈ మతగురువును 1393లో రాజు వెన్సెస్లాస్ ఆజ్ఞ మీద చిత్రహింసలు పెట్టి, ఈ వంతెన మీది నుంచి నదిలో పడేశారు. రాణి తన దగ్గర ఒప్పుకొన్న రహస్యాలను రాజుకు చెప్పనన్నందుకే చంపించాడని జనం చెప్పుకునే కథ. చరిత్రకారులు మాత్రం చర్చి పదవుల మీద రాజుకూ ఆర్చ్‌బిషప్‌కూ నడిచిన గొడవే కారణమంటారు. విగ్రహం కింద రెండు కంచు పలకలున్నాయి. ముట్టుకుంటే మళ్లీ ప్రాగ్‌కు వస్తారని నమ్మకం. పలక అంతా నల్లగా ఉంటే చేతులు తగిలే చోట మాత్రం బంగారంలా మెరుస్తుంది. ఎడమ పలకలో ఒక సైనికుడు తన కుక్కను నిమురుతున్నాడు, ఆ కుక్క అరిగి నున్నగా అయిపోయింది. మేమిద్దరం కలిసే ముట్టుకున్నాం.

వంతెన మీద ఆ పొద్దున మూడు నాలుగు జంటలు ఫోటోగ్రాఫర్లతో కనిపించాయి. గంటకు డబ్బు తీసుకుని ఫోటోలు తీసేవాళ్లు ఊళ్లో చాలామంది ఉన్నారు. పెళ్లి ఫోటోలకు మన దగ్గర పెట్టే ఖర్చుతో పోలిస్తే ఇది ఎక్కువ కాదు, కొత్త జంటలకు నేను వద్దనను. మంచి కెమెరా ఉన్న ఫోను చేతిలో ఉన్నా సరిపోతుంది.

నా మటుకు నాకు ప్రాగ్‌లో ప్రేమికుల చోటు వంతెన కాదు, పెత్‌షీన్ కొండ. చెట్లు పూసే కాలంలో కొండవాలంతా తెల్లగా, గులాబీ రంగుగా మారుతుంది. మే 1న పూసిన చెర్రీ చెట్టు కింద ప్రియుడు ముద్దుపెడితే ఆ అమ్మాయి ఏడాదంతా వాడిపోకుండా ఉంటుందని చెక్ ప్రజల నమ్మకం. ఆ రోజు కొండ మీద కవి కారెల్ హీనెక్ మాఖా విగ్రహం దగ్గర జంటలు పూలు పెడతాయి. మే నెల ప్రేమను పాడిన ఆయన కావ్యం 1836లో అచ్చయింది. అదే ఏడాది నవంబరు 6న ఆయన చనిపోయాడు, 26 ఏళ్లు కూడా నిండలేదు. రెండు రోజుల్లో పెళ్లి. పెళ్లికి పెట్టుకున్న రోజే అంత్యక్రియలు జరిగాయి. ఆ సంగతి తెలిశాక విగ్రహం ముందు నిలబడితే గొంతు పట్టేసింది. చుట్టూ పద్దెనిమిదేళ్ల పిల్లలు, డెబ్భై దాటిన దంపతులు ఒకే వరుసలో తమ వంతు కోసం నిలబడ్డారు. నలుగురిలో ముద్దు మనకు అలవాటు లేని పని. అయినా అక్కడ ఎవరూ ఎవరినీ చూడరు, ఎవరి లోకం వారిది. కొత్త దంపతులు సంకోచం లేకుండా వెళ్లాలి.

కొండ పైన ఈఫెల్ టవర్‌ను చూసి 1891లో కట్టిన ఇనుప బురుజు ఉంది, 299 మెట్లు. ఎక్కగలిగితే ఎక్కండి. ఊరంతా ఎర్రపెంకులు, మధ్యలో నది మెలికలు, ఎదురుగా కోట. ఎక్కలేకపోయినా బాధ లేదు, కింది తోటలోంచి కూడా ఊరు బాగానే కనిపిస్తుంది.

కోట చూడాల్సిందే, కానీ ఇద్దరూ తీరిగ్గా కబుర్లు చెప్పుకునే చోటు కాదు. తనిఖీ వరుస, టికెట్ వరుస, బృందాల వెంట జెండాలు పట్టుకున్న గైడ్లు. 22వ నంబరు ట్రామ్‌లో పైకి వెళ్లి, కోట చూసుకుని, మెట్ల దారిలో కిందికి దిగితే కాళ్లు నిలుస్తాయి. లోపల సెయింట్ వైటస్ కెథడ్రల్‌ను 1344లో మొదలుపెడితే 1929లో పూర్తి చేశారు, అంటే సుమారు ఆరు వందల ఏళ్ల పని. ఎడమ వైపు చిత్రకారుడు ఆల్ఫోన్స్ ముఖా గీసిన రంగుటద్దాల కిటికీ దగ్గర మాత్రం తొందరపడకండి. వెలుతురు పడితే నీలం, బంగారు రంగులు మెరుస్తాయి. కోట దిగి వచ్చాక కర్మెలిత్స్కా వీధిలో వ్ర్త్బా తోట ఉంది. గుమ్మం చిన్నది, చాలామంది గమనించకుండా దాటిపోతారు. లోపల 18వ శతాబ్దపు తోట, అంతస్తులుగా పైకి లేచిన గుబురు పొదలు, విగ్రహాలు. అక్కడ పెళ్లిళ్లు కూడా చేస్తారు. టికెట్ పెట్టి చూసినవాటిలో పెట్టిన డబ్బుకు పూర్తిగా న్యాయం జరిగింది ఇక్కడే. చలికాలంలో మూసి ఉంటుంది.

పడవల విషయం. ఆన్‌లైన్‌లో కొవ్వొత్తుల వెలుగులో విందు అని చూపించిన రాత్రి పడవ ఒకటి బుక్ చేశాం. రెండు బృందాలు ఎక్కాయి, పెద్ద శబ్దంతో పాటలు. ముందే శాకాహారమని రాసినా నాకు దొరికింది సలాడ్, రొట్టె. కిటికీ పక్క సీటుకు అదనంగా అడిగారు. ఆ డబ్బులో పావు వంతు కూడా లేకుండా నేషనల్ థియేటర్ దగ్గరి స్లొవాన్‌స్కీ దీవిలో చిన్న పడవ అద్దెకిస్తారు. తెడ్లు మీవే, లేదంటే తొక్కే పడవ. చార్లెస్ వంతెన వైపు వెళ్లి మధ్యలో ఆపుకుంటే హంసలు దగ్గరికి వస్తాయి. సాయంత్రం ఆరు తర్వాత వెళ్లండి, ఎండ తగ్గి కోట గోడలు పసుపు రంగుకు మారతాయి. నా మాట వినేవారికి పెద్ద పడవ వద్దు, చిన్నదే ముద్దు.

ఒక రాత్రి సంగీతానికి ఉంచుకోండి. చౌరస్తాలో పాతకాలపు విగ్గులు పెట్టుకుని కచేరీ టికెట్లు అమ్మేవారు చేతిలో కాగితం పెడతారు. ఆ కచేరీల్లో బాగున్నవీ ఉంటాయి, అరగొరగా ముగించేవీ ఉంటాయి. ఎస్టేట్స్ థియేటర్‌కు దాన్ని నడిపే నేషనల్ థియేటర్ సైట్‌లోనే టికెట్ కొనండి. 1787 అక్టోబరు 29న మొజార్ట్ తన 'డాన్ జొవాన్ని' అనే సంగీత నాటకాన్ని స్వయంగా నడిపించి మొదటిసారి ప్రదర్శించిన హాలు ఇది. పై అంతస్తుల్లో టికెట్లు చవక, మెడ సాచి చూడాలి అంతే. వేదిక పైన మాటల అనువాదం ఇంగ్లిష్‌లో కూడా పడుతుంది.

తిండి దగ్గర శాకాహారులు కొంచెం ఓపిక పట్టాలి. జున్నును పిండిలో ముంచి వేయించే స్మజెనీ సీర్, బంగాళాదుంప అట్లు బ్రంబొరాకీ, లోపల పండు పెట్టి ఉడికించిన ఉండలు, ఇవి ఎక్కడైనా దొరుకుతాయి. సూపుల్లో మాంసం రసం వాడతారు, అడిగి తెలుసుకోండి. అడగకుండా బల్ల మీద పెట్టిన రొట్టెకు కూడా బిల్లు వేసే చోట్లున్నాయి. పొయ్యి మీద తిప్పుతూ కాల్చే త్ర్దెల్నీక్ అనే తీపి రొట్టె సందు సందునా అమ్ముతారు. అది ఇక్కడి పాత వంటకమేమీ కాదు, పర్యాటకుల కోసం వచ్చింది. వేడిగా తింటే బాగుంటుంది, లోపల ఐస్‌క్రీమ్ నింపి ఇచ్చేదానికి అంత ధర ఎందుకో నాకు అర్థం కాలేదు.

డబ్బు జాగ్రత్త. ఇక్కడ యూరో కాదు, కొరునా. పర్యాటక వీధుల్లో మారకపు దుకాణాల బోర్డు మీద కమీషన్ లేదని ఉన్నా, ఇచ్చే రేటు దారుణంగా ఉండవచ్చు. 2019 నుంచి ఉన్న చట్టం ప్రకారం 1000 యూరోల లోపు మార్పిడిని 3 గంటల్లోగా రసీదుతో వెనక్కి వెళ్లి రద్దు చేయించుకోవచ్చు. చాలామందికి ఈ హక్కు ఉందని తెలియదు. ఏటీఎంలో గానీ కార్డు మెషీన్‌లో గానీ రూపాయల్లోనా కొరునాల్లోనా అని అడిగితే కొరునాలే ఎంచుకోండి. కాగితం టికెట్‌తో మెట్రో, ట్రామ్ ఎక్కేవారు మొదటిసారి దాన్ని పసుపు పెట్టెలో పెట్టి ముద్ర వేయించుకోవాలి, లేకపోతే జరిమానా. విమానాశ్రయం నుంచి 59వ నంబరు ట్రాలీబస్సు మెట్రో స్టేషన్ దాకా తెస్తుంది, టాక్సీ అవసరం లేదు.

సమయం మిగిలితే మెట్రో ఎక్కి విషెహ్రాడ్ వెళ్లండి. నది మీదికి చూసే పాత కోటగోడలు, తోటలు, గుంపులు లేవు. అక్కడి శ్మశానంలో సంగీతకారులు ద్వోర్జాక్, స్మెతనా, కిటికీ గీసిన ముఖా ఉన్నారు. కవి మాఖాను మొదట వేరే ఊళ్లో పాతిపెట్టారు. 1938లో ఆ ప్రాంతం జర్మనీ చేతికి వెళ్లబోతుండగా ఆయన అస్థికలను తవ్వి తెచ్చి, 1939 మేలో ఇక్కడ సమాధి చేశారు. పెత్‌షీన్ చూసినవాళ్లు ఇది కూడా చూడాలని నా పట్టుదల.

చుట్టుపక్కల ఊళ్లలో కార్ల్‌స్టెయిన్ కోట రైల్లో నలభై నిమిషాలు, ఒక పూటకు చాలు. చెస్కీ క్రుమ్లోవ్ బస్సులో మూడు గంటల దూరం. ఒక్క రోజులో వెళ్లి రావడం అలసటే తప్ప మరేం కాదు. అక్కడ ఒక రాత్రి ఉండగలిగితేనే వెళ్లండి, లేదంటే ఆ రోజు కూడా ప్రాగ్‌కే ఇవ్వండి.