చిన్న గేజు పెట్టెకు ఏది మేలు: ఓపెన్ రైల్సా, ట్రెయిన్జా?

ఈ మధ్య నన్ను అందరూ అడుగుతున్నది ఒకే ప్రశ్న. కడపలో ఇంజనీరింగ్ చదివే తమ్ముడు అడిగాడు, నంద్యాలలో లెక్కలు చెప్పే మాస్టారు అడిగారు, గుత్తి నుంచి ఇద్దరు అడిగారు. “బ్లెండర్ చేతికి వచ్చింది. సిమ్లా కొండబండి పెట్టె ఒకటి చేయాలని ఉంది. ఓపెన్ రైల్స్ కోసం చేయమంటారా, ట్రెయిన్జ్ కోసం చేయమంటారా?” బ్లెండర్ అంటే కంప్యూటర్‌లో త్రీడీ మోడళ్లు చేసే సాఫ్ట్‌వేర్; ఓపెన్ రైల్స్, ట్రెయిన్జ్ అనేవి రైలు నడిపే కంప్యూటర్ ఆటలు. రెండింటికీ చేసి చూసినవాణ్ణి కాబట్టి వివరంగా రాస్తున్నాను.

ముందు ఒక మాట తేల్చుకుందాం. మనం రైలు పెట్టెనే బోగీ అంటాం. మోడల్ చేసేటప్పుడు మాత్రం బోగీ అంటే పెట్టె కింద ఉండే చక్రాల చట్రం. ఇక్కడంతా అదే అర్థంలో వాడతాను. ఈ వ్యాసంలో సగం ఆ చట్రం గురించే. ఇక గేజు అంటే రెండు పట్టాల మధ్య దూరం.

నిజానికి పనిలో ఎక్కువ భాగం రెండింటికీ ఒకటే. పట్టాల పైఅంచును సున్నా ఎత్తుగా పెట్టుకుని, అసలు కొలతలతో బ్లెండర్‌లో పెట్టె కట్టడం, కిటికీలు కోయడం, రంగు అద్దడం, దూరం నుంచి చూసినప్పటికి తేలికపాటి రూపం ఒకటి వేరుగా చేసుకోవడం, ఇవేవీ మారవు. దారులు చీలేది బోగీల దగ్గరే.

ట్రెయిన్జ్‌లో బోగీ విడి వస్తువు. పెట్టె మోడల్లో బోగీ తగిలే చోట ఒక గుర్తు పెడితే చాలు, ఆట దాన్ని అక్కడ అతికిస్తుంది. 762 మిల్లీమీటర్ల గేజుకు ఒక మంచి బోగీ చేసి పెట్టుకుంటే పది రకాల పెట్టెల కింద అదే పనికొస్తుంది. ఇది చాలా పెద్ద సుఖం. పట్టాలు కూడా అక్కడ తీగలాగా వంగుతాయి, ఎంత గట్టి వంపైనా లాగి పెట్టేయవచ్చు. ఓపెన్ రైల్స్‌లో ముందే నిర్ణయించిన కొలతల ముక్కలను పేర్చుకుంటూ పోవాలి, గేజుకు తగిన పట్టాల సెట్టు వెతుక్కోవాలి. ఉపరితలాల మెరుపు, తుప్పు, తడి లాంటివి ట్రెయిన్జ్ కొత్త రూపాల్లో ఎంతో బాగా పలుకుతాయి. అందం ఒక్కటే కొలబద్ద అయితే నేను అటే మొగ్గేవాణ్ణి.

కానీ చిన్న గేజుకు ప్రాణం వంపులో ఉంది. కాల్కా–సిమ్లా లైనునే తీసుకోండి. 1903లో మొదలైన ఆ 96 కిలోమీటర్ల దారిలో ఎక్కుడు 33కు 1, అంటే 33 మీటర్లు పోతే ఒక మీటరు ఎత్తు. అతి గట్టి వంపు వ్యాసార్ధం సుమారు 37 మీటర్లు. లెక్క సులువుగా ఉండడానికి పెట్టె రెండు బోగీల కీలకాల (పెట్టె కింద బోగీ తిరిగే ఇరుసుల) మధ్య దూరం 6 మీటర్లు, కీలకం నుంచి పెట్టె కొస దాకా 2 మీటర్లు అనుకుందాం. ఆ వంపులో ప్రతి బోగీ నాలుగున్నర డిగ్రీలకు పైగా తిరగాలి. పెట్టె నడుము 12 సెంటీమీటర్లు లోపలికి వస్తుంది, కొస దాదాపు 22 సెంటీమీటర్లు బయటికి పోతుంది. ఒకే కొలతల పెట్టెలు రెండు పక్కపక్కన ఉంటే రెండు కొసలూ ఒకే వైపు జరుగుతాయి కనుక తేడా తెలియదు. ఇంజనుకూ మొదటి పెట్టెకూ మధ్య మాత్రం కొట్టొచ్చినట్టు కనబడుతుంది. నడుమ వాటిని కలిపే కొక్కెం కాస్త తిరిగేలా చేయకపోతే అది గాలిలో వేలాడుతుంది.

మన బ్రాడ్ గేజు ఐసీఎఫ్ (చెన్నై పెట్టెల ఫ్యాక్టరీ) రకం పెట్టెకు కీలకాల మధ్య దూరం 14.783 మీటర్లు. 350 మీటర్ల వంపులో దాని బోగీ తిరిగేది ఒక డిగ్రీ చిల్లరే. అక్కడ తప్పు చేసినా ఎవరి కంటా పడదు. చిన్న గేజులో ఆ తప్పు దాగదు.

నా మొదటి పెట్టెతో ఇది బాగా తెలిసొచ్చింది. నాన్న గుంతకల్లు షెడ్డులో ఫిట్టరుగా పనిచేసి రిటైరయ్యారు. గుంతకల్లులో మీటర్ గేజూ బ్రాడ్ గేజూ పక్కపక్కనే ఉన్న రోజులు చూసినవారు. ఒక రాత్రి ఓపెన్ రైల్స్‌లో పెట్టెను గట్టి వంపులో నిలిపి ఆయనను పిలిచాను. కుర్చీ దగ్గరికి లాక్కుని, కళ్లద్దాలు నుదుటి మీదికి ఎత్తి, తెరకు జానెడు దూరంలో ముఖం పెట్టి చూశారు. పెట్టెను చూడలేదు, దాని కిందకే చూశారు. “పెట్టె తిరిగింది, చట్రం తిరిగింది, చక్రాలు మాత్రం పెట్టెతో పాటే తిన్నగా ఉన్నాయి. ఇట్లా ఉంటే ఫ్లాంజి పట్టా ఎక్కుతుంది నాయనా” అన్నారు. ఫ్లాంజి అంటే చక్రాన్ని పట్టా మీంచి జారనివ్వని అంచు.

కారణం చిన్నదే. ఓపెన్ రైల్స్ పాత మైక్రోసాఫ్ట్ ట్రెయిన్ సిమ్యులేటర్ పద్ధతినే పాటిస్తుంది కాబట్టి భాగాల పేర్లూ, ఏది దేని కింద ఉండాలన్న వరుసా ఖచ్చితంగా ఉండాలి. ముందు బోగీ పేరు బోగీ1, దాని చక్రాలు వీల్స్11, వీల్స్12. ఆ చక్రాలు బోగీ1 కింద పిల్లలుగా, అంటే అది కదిలితే వాటంతట అవే కదిలేలా దానికి కట్టి, ఉండాలి. నేను నేరుగా పెట్టె కింద పెట్టాను. దొర్లుతున్నాయి, బోగీతో పాటు తిరగడం లేదు. బ్లెండర్‌లో వరుస సరిచేసి మళ్లీ ఎగుమతి చేయడానికి పది నిమిషాలు పట్టింది. ట్రెయిన్జ్‌లో బోగీ విడిగా ఉంటుంది కాబట్టి ఈ తప్పు జరిగేది కాదు.

అయినా నా ఓటు ఓపెన్ రైల్స్‌కే. ఆ బండి బరువు చేతికి తెలిసేది అక్కడే. పెట్టెతో పాటు ఉండే సాదా టెక్స్ట్ ఫైలులో గేజు ఎంతో, ఒకే చట్రంలో బిగిసి ఉన్న ముందు వెనక చక్రాల మధ్య దూరం ఎంతో మనమే రాయవచ్చు. వంపులో బండికి ఎదురయ్యే నిరోధాన్ని ఓపెన్ రైల్స్ ఈ లెక్కతో కడుతుంది: బరువును రాపిడి గుణకంతో గుణించి, దాన్ని గేజూ చక్రాల దూరమూ కలిపిన మొత్తంతో గుణించి, వ్యాసార్ధానికి రెట్టింపుతో భాగించడం. గేజు రాయకపోతే 1435 మిల్లీమీటర్లుగా తీసుకుంటుంది. బోగీ చక్రాల దూరం 1.4 మీటర్లు అనుకుంటే, 762 రాయాల్సిన చోట ఖాళీ వదిలితే వంపు నిరోధం 30 శాతానికి పైగా పెరుగుతుంది. 33కు 1 ఎక్కుడు మీద ఆ మాత్రం భారం చాలు, ఇంజను చతికిలబడడానికి. చాలామంది “నా బండి కొండ ఎక్కడం లేదు” అని ఇంజను శక్తిని పెంచేస్తుంటారు. దయచేసి ముందు గేజు గడి చూడండి. ఆ ఒక్క అంకె సరిచేసిన రోజు నా బండి వంపులో నడిచిన తీరు చూసి నాకు నిజంగా ఒళ్లు పులకరించింది. ట్రెయిన్జ్‌లో నాకు ఆ పట్టు దొరకలేదు. అక్కడ బండి చూడముచ్చటగా పోతుంది, కానీ వంపు దాన్ని వెనక్కి లాగుతున్నట్టు అనిపించదు.

డబ్బు సంగతి కూడా చెప్పాలి. ఓపెన్ రైల్స్ ఉచితం, మామూలు ల్యాప్‌టాప్‌లో నడుస్తుంది. ట్రెయిన్జ్ కొనాలి, కొత్త రూపాలకు మంచి గ్రాఫిక్స్ కార్డు కావాలి. చదువుకునే పిల్లలకు ఇది చిన్న విషయం కాదు.

ట్రెయిన్ సిమ్యులేటర్ క్లాసిక్ అనే ఇంకో రైలు ఆట గురించీ అడుగుతున్నారు. చేయవచ్చు, కానీ దాని ఎగుమతి పద్ధతి నేర్చుకునే సమయంలో ఓపెన్ రైల్స్‌కు ఇంకో రెండు పెట్టెలు చేసేయవచ్చు. ట్రెయిన్ సిమ్ వరల్డ్ అనే ఆట కూడా ఉంది, మొదటి పెట్టెకు అది వద్దు.

మీ ధ్యేయం లైను కట్టడమే అయితే, అంటే కొండలు, స్టేషన్లు, పూలచెట్లు ముఖ్యమై బండి రెండో స్థానంలో ఉంటే, ట్రెయిన్జ్ తీసుకోండి. బండే ముఖ్యమైతే ఓపెన్ రైల్స్. కడప తమ్ముడికి బండే ముఖ్యమని నాకు తెలుసు, అతనికి ఇదే చెప్పాను. మాస్టారు మాత్రం డార్జిలింగ్ కొండ లైనులో బండి చుట్టు తిరిగే బతాసియా లూపు కట్టాలంటున్నారు, ఆయనకు ట్రెయిన్జే సరి. డార్జిలింగ్ 610 గేజు అని మరిచిపోవద్దని కూడా చెప్పాను, 762 బోగీ అక్కడ కుదరదు.

నేను ఇప్పుడు చేస్తున్నది నౌపడా–గుణుపూర్ లైను పెట్టె. శ్రీకాకుళం జిల్లాలో మొదలై పర్లాకిమిడి మీదుగా పోయిన 762 గేజు దారి అది, 1900లో పర్లాకిమిడి దాకా, 1931లో గుణుపూర్ దాకా వచ్చింది. ఇప్పుడు బ్రాడ్ గేజు. పెట్టె పైభాగం ఇంకా మొదలుపెట్టలేదు. బోగీలు రెండూ పూర్తయ్యాయి, ఈ ఆదివారం నాన్నకు చూపిస్తాను.