స్కిప్పింగ్ తాడు తెప్పించారా? వైరు కత్తిరించే ముందు ఇది చదవండి

నల్గొండలో గానీ చుట్టుపక్కల గానీ ఎవరైనా ఆన్‌లైన్లో స్కిప్పింగ్ తాడు కొందామనుకుంటే ఒక్క నిమిషం ఆగండి. నేను 849 రూపాయలు పెట్టి ఆగమయ్యాను, మీరు కావద్దు.

పొట్ట పెరిగింది, ప్యాంటు హుక్కు పట్టడం లేదు. జిమ్‌లో అడిగితే మూడు నెలల ఫీజు ముందే కట్టాలన్నారు. ఎన్‌జీ కాలేజీ గ్రౌండ్‌కి నడకకు పోదామంటే పొద్దున షాపు తీసే టైమ్‌కి అందుకోలేను. తాడైతే మేడ మీద పావుగంట ఎగిరి, స్నానం చేసి వెళ్లిపోవచ్చు, అంతకంటే చవకైన వ్యాయామం ఇంకొకటి లేదు కదా అనుకున్నాను. అక్కడితో ఆగి బజార్లో ఒక మామూలు తాడు కొనుక్కుంటే అయిపోయేది. లేదు, ఫోన్లో చూశాను. స్టీల్ వైరు, బాల్ బేరింగ్, ఎన్నిసార్లు ఎగిరామో చూపించే కౌంటర్, 2,499 కొట్టేసి 849. ఆ కొట్టేసిన అంకె చూసే పడిపోయాను, ఒప్పుకుంటున్నాను.

పెట్టెలో ఒక కాగితం ఉంది. వైరు పొడవుగా ఇస్తున్నాం, మీ ఎత్తుకు సరిపడా కత్తిరించుకోండి అని బొమ్మ వేసి మరీ చెప్పారు. కొలత పద్ధతి మాత్రం సరైనదే: తాడు మధ్యలో కాలు పెట్టి రెండు కొసలూ పైకి లాగితే పిడులు చంకల దాకా రావాలి. అలాగే కొలిచి, కటింగ్ ప్లయర్‌తో మిగిలింది కత్తిరించి, పిడిలో స్క్రూ బిగించాను.

రెండో రోజే కౌంటర్ మీద అనుమానం వచ్చింది. మా అక్క కూతురు పక్కన నిలబడి గట్టిగా వంద లెక్కపెడితే అది 137 చూపించింది. తాడు చేత్తో పట్టుకుని మెట్లు దిగినా ఆరో ఏడో పెరుగుతోంది. సరే, నవ్వుకుని వదిలేశాను. నాలుగో రోజు పొద్దున మంచి ఊపులో ఉండగా స్క్రూ జారి వైరు పిడిలోంచి ఊడి వచ్చింది. వచ్చింది అనడం కాదు, కొరడాలాగా వచ్చి పిక్క మీద తగిలింది, జానెడు వాత తేలింది. పిల్ల ఆ రోజు పక్కన లేదు కాబట్టి సరిపోయింది, దాని కంటికి తగిలుంటే ఏమయ్యేదో ఇప్పుడు తలుచుకున్నా ఒళ్లు జలదరిస్తోంది.

తర్వాత పిడి విప్పి చూశాను. వైరును పట్టి ఉంచేది మిరియపు గింజంత స్క్రూ ఒక్కటే, దాని మర అప్పటికే అరిగిపోయింది. బాల్ బేరింగ్ అన్నారు కదా, ఒక్క గుండూ లేదు, నల్లటి ప్లాస్టిక్ రింగు, దాని చుట్టూ ఇంత గ్రీజు. వైరు మీది ప్లాస్టిక్ తొడుగు కూడా గచ్చుకు రాసుకుని లేచిపోయి లోపలి తీగలు సూదుల్లా బయటికొచ్చాయి. ఈ చివరిదాంట్లో నా తప్పు కూడా ఉంది, గరుకు గచ్చు మీద ఎగిరితే ఏ తొడుగైనా అరుగుతుంది, కింద పాత రబ్బరు మ్యాట్ అయినా వేసుకోవాల్సింది. అది మోకాళ్లకూ మంచిదే.

ఇప్పుడు అసలు సంగతి. ఏడు రోజుల్లో వాపసు అని రాసి ఉంది కదా అని ఫోటోలు పెట్టి రిటర్న్ అడిగితే వచ్చిన జవాబు, "మీరు వస్తువులో మార్పు చేశారు, వైరు కత్తిరించారు, కాబట్టి తీసుకోము." కత్తిరించమని కాగితం వేసింది వాళ్లే! ఆ కాగితం ఫోటో కూడా పంపాను. మళ్లీ అదే వాక్యం, అక్షరం మారకుండా. మూడోసారీ అంతే. అవతల మనిషి ఉన్నాడో యంత్రం ఉందో తెలియదు.

విసుగొచ్చి 1915కి ఫోన్ చేశాను, జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్. తెలుగులోనే చెప్పుకున్నాను, ఫిర్యాదు నంబరు ఇచ్చారు. 2020 ఈ-కామర్స్ నిబంధనల ప్రకారం కంపెనీ ఫిర్యాదుల అధికారి 48 గంటల్లో అందిందని చెప్పాలి, నెలలోపు తేల్చాలి. అందిందని మెసేజ్ అయితే వచ్చింది, పైసలు ఇంకా రాలేదు. రాకపోతే జిల్లా వినియోగదారుల కమిషన్‌కి పోతాను, ఐదు లక్షల లోపు కేసుకు ఫీజు కూడా లేదు. 849 రూపాయలకు ఇంత అవసరమా అని మా ఆవిడ అంటోంది, కానీ నాకు వాత గుర్తొస్తోంది.

ప్రస్తుతం ప్రకాశం బజార్లో 120కి కొన్న లావుపాటి ప్లాస్టిక్ తాడుతో ఎగురుతున్నాను. షాపాయన ముందే పిడిని ఒక చేత్తో, తాడును ఇంకో చేత్తో పట్టుకుని గట్టిగా గుంజి చూసుకున్నాను, ఏమనలేదు. కొత్తగా మొదలుపెట్టేవాళ్లకు ఇదే నయం, కొంచెం బరువుంటుంది కాబట్టి తాడు ఎక్కడ తిరుగుతోందో చేతికి తెలుస్తుంది. సన్నటి స్టీల్ వైరు బాగా అలవాటైనవాళ్లు వేగం కోసం వాడేది, మనకెందుకు. లెక్క అంటారా, పిల్ల ఉంది.

ఇప్పటికే అలాంటిది తెప్పించుకున్నవాళ్లు మాత్రం వైరు అప్పుడే కత్తిరించకండి. ఎక్కువైన ముక్కను పిడి దగ్గర మడిచి టేపు చుట్టండి, పిల్లల్ని దూరంగా ఉంచి రెండు మూడు రోజులు వాడి చూడండి, ఏమాత్రం తేడా ఉన్నా వాపసు గడువు లోపే పంపేయండి. పెట్టె, ఆ కాగితం పారేయొద్దు.