నాలుగు రికార్డులు, మూడు చర్చిలు, మా హాలు

మొదటిసారి ఆ రికార్డు పెట్టిన రాత్రి మా ఆయన పేపరు మడిచి లేచి, వంటింట్లోకి తొంగిచూసి వచ్చారు. "ఎవరో కూనిరాగం తీస్తున్నారు, విన్నావా?" అన్నారు. నేను స్పీకర్ల వైపు వేలు చూపించాను. ఆ కూనిరాగం గ్లెన్ గూల్డ్‌ది. కెనడాకు చెందిన పియానో విద్వాంసుడు, పోయి నలభై ఏళ్లు దాటింది. జర్మన్ స్వరకర్త బాఖ్ రాసిన గోల్డ్‌బెర్గ్ వేరియేషన్స్ వాయిస్తూ తనలో తాను పాడుకుంటాడు, మైకులు దాన్నీ పట్టేశాయి. మా ఆయనకు నమ్మకం కుదరలేదు. రికార్డు ఆపి చూపించాక గానీ వంటింటి మీద అనుమానం వదల్లేదు.

ఈ రెండు నెలల్లో మా ఇంట్లో ఎక్కువగా మోగినవి నాలుగు ఆల్బమ్‌లు. ఏదో లెక్క ప్రకారం ఎంచుకున్నవి కావు. ఒక మధ్యాహ్నం కవర్ల వెనక రాసింది చదువుతూ కూర్చుంటే తెలిసింది, నాలుగూ చర్చి గోడల మధ్య రికార్డు చేసినవేనని. రెండు ఒకే చోట, మిగతా రెండు చెరో చోట. వింతగా అనిపించి ఇది రాస్తున్నాను.

మాది కాకినాడ. ముప్పై రెండేళ్లు హైస్కూల్లో లెక్కలు చెప్పి రిటైరయ్యాను. చిన్నప్పుడు వీణ నేర్చుకున్నాను, ఇప్పటికీ వాయిస్తాను. రిటైరయ్యాక వచ్చిన డబ్బులో కొంత పక్కకు తీసి ఒక జత బుక్‌షెల్ఫ్ స్పీకర్లు, యాభై వాట్ల యాంప్లిఫయరు, సీడీ ప్లేయరు, రికార్డ్ ప్లేయరు కొనుక్కున్నాను. గాజులు కొనుక్కోవచ్చు కదా అన్న వదినగారు ఇప్పుడు ఆదివారాలు వచ్చి వింటున్నారు. హాల్లో నేల పాలరాయి. చప్పట్లు కొడితే ఖాళీ బిందెలో కొట్టినట్టు ఉండేది. జంపఖానా పరిచి, స్పీకర్ల ఎదురుగోడకు పుస్తకాల బీరువా జరిపి, కిటికీకి మందపాటి తెర వేశాక కాస్త దారికొచ్చింది. స్పీకర్లకూ నా కుర్చీకీ మధ్య టేపు పట్టి ఎనిమిది అడుగుల సమబాహు త్రిభుజం గీశాను, చాక్‌పీసుతోనే. ఆ గీతలు తుడవవద్దని పనిమనిషికి చెప్పాల్సి వచ్చింది. ఇక మిగిలిన శత్రువు సీలింగ్ ఫ్యాను. అది తిరుగుతుంటే మెల్లని శబ్దాలేవీ వినిపించవు, ఆపితే కాకినాడ ఉక్కపోతలో నలభై నిమిషాలు కూర్చోవాలి.

ఆ నలభై నిమిషాలకు సరిగ్గా సరిపోయే ఆల్బమ్ 'ఎ మీటింగ్ బై ది రివర్'. జైపూర్‌కు చెందిన విశ్వమోహన్ భట్, అమెరికన్ గిటారిస్టు రై కూడర్ కలిసి వాయించినది. భట్‌గారు రవిశంకర్ శిష్యులు. గిటారుకే అనునాద తీగలు బిగించి, ఒళ్లో పెట్టుకుని లోహపు కడ్డీ జరుపుతూ వాయించే వాద్యాన్ని తయారుచేసుకుని మోహన వీణ అని పేరు పెట్టారు. 1992 సెప్టెంబరులో కాలిఫోర్నియాలోని శాంటా బార్బరాలో, ఒక సెమినరీకి (క్రైస్తవ మతగురువుల శిక్షణ పాఠశాలకు) చెందిన ప్రార్థనా మందిరంలో రికార్డయింది. విద్వాంసులిద్దరూ అంతకుముందు ఎప్పుడూ కలుసుకోలేదు. కలిసి గంట కూడా గడవకముందే వాయించడం మొదలుపెట్టారట. తబలా మీద సుఖ్విందర్ సింగ్ నామ్‌ధారి, దుంబెక్ అనే అరబ్బు డోలు మీద కూడర్ కొడుకు జోకిమ్. ఆ అబ్బాయికి అప్పుడు పద్నాలుగేళ్లు. 1994లో గ్రామీ వచ్చింది.

నా చెవి మాత్రం గ్రామీని పట్టించుకోలేదు, జారును, అంటే ఒక స్వరం నుంచి ఇంకో స్వరానికి జారడాన్ని, పట్టుకుంది. వీణ మీద జారు వేసేటప్పుడు వేలు మెట్ల మీదుగా పాకుతుంది, ఎంత జాగ్రత్తపడినా మెట్టు మెట్టుకూ చిన్న ఆనవాలు ఉంటుంది. మెట్లు లేని చిత్రవీణకు ఆ బాధ లేదు, ఇక్కడ ఈ ఇద్దరికీ లేదు. కూడర్ సీసా మెడ లాంటి గొట్టం వేలికి తొడుక్కుని తీగ మీద జరుపుతాడు. భట్‌గారి స్వరం సన్నగా, కోసినట్టు వస్తుంది. కూడర్‌ది లావుగా, కొంచెం బొంగురుగా ఉంటుంది. 'గాంజెస్ డెల్టా బ్లూస్' అన్న మూడో పాటలో ఒకరు అన్న మాటను రెండోవారు తమ యాసలో తిరిగి అంటారు. పోటీ లేదు. మన జుగల్‌బందీల్లో చివరికొచ్చేసరికి ఎవరు ముందు పరుగెత్తుతారా అన్నట్టు ఉంటుంది, నాకు అది మొదటినుంచీ గిట్టదు.

ఈ రికార్డింగుకు వాడినవి రెండే మైకులు. ఒకదాని మీద ఒకటి, తొంభై డిగ్రీల కోణంలో. 1930ల నాటి బ్రిటిష్ ఇంజనీరు అలన్ బ్లమ్లీన్ కనిపెట్టిన పద్ధతి. అంటే ఒక్కో వాద్యానికి ఒక్కో మైకు పెట్టి తరవాత బల్ల దగ్గర కూర్చుని ఒకరిని పెంచడం, ఇంకొకరిని తగ్గించడం కుదరదు. ఎవరు ఎక్కడ కూర్చున్నారో అక్కడే వినిపిస్తారు. తబలా మీద దెబ్బ పడ్డాక ఆ శబ్దం వెనక్కి వెళ్లి, ఎక్కడో గోడను తాకి, మెత్తబడి తిరిగి వస్తుంది. ఫ్యాను ఆపితేనే ఇది తెలుస్తుంది.

ఇది వింటుంటే ఒక సంగతి గుర్తొచ్చి మనసు చివుక్కుమంది. నాకు పదిహేనేళ్లప్పుడు శివరాత్రికి ద్రాక్షారామం గుడి మండపంలో మా గురువుగారు వీణ వాయించారు. మైకు లేదు. మంద్ర స్థాయి తీగ మీటితే ఆ రాతి స్తంభాలు దాన్ని కాసేపు తమ దగ్గర ఉంచుకుని తిరిగి ఇచ్చేవి. ఆ శబ్దం నా దగ్గరున్న ఏ వీణ సీడీలోనూ లేదు. ఒకదాంట్లో ఉన్నట్టు నటించారు. యంత్రంతో ప్రతిధ్వని కలిపారు, వీణ నూతిలో పడ్డట్టు వినిపిస్తుంది. ఎవరిదో చెప్పను, వాయించినవారి తప్పు కాదు. రెండు మంచి మైకులు, ఒక రాతి మండపం, పక్కన జనరేటరు లేని ఒక రాత్రి చాలు. ఎవరైనా చేస్తే మొదటి ప్రతి నేనే కొంటాను.

రెండో చర్చి టొరంటోలోది. 'ది ట్రినిటీ సెషన్', కౌబాయ్ జంకీస్ అనే కెనడా బృందం పాడినది. మా అబ్బాయి పంపాడు. వాడు ఆ ఊళ్లోనే ఉంటాడు. "అమ్మా, హోలీ ట్రినిటీ చర్చి మేము బట్టలు కొనుక్కునే ఈటన్ సెంటర్ మాల్ పక్కనే ఉంది" అని ఫోటో కూడా పంపాడు. 1987 నవంబరు 27న అక్కడ ఒకే ఒక్క మైకు చుట్టూ అందరూ చేరి దాదాపు ఆల్బమంతా రికార్డు చేశారు. చర్చివాళ్లు ఒప్పుకుంటారో లేదోనని టిమ్మిన్స్ కుటుంబ గాయకులమని, రేడియోకు క్రిస్మస్ కార్యక్రమం చేస్తున్నామని చెప్పారట. కుటుంబం అన్నది అబద్ధమేమీ కాదు, పాడే మార్గో, గిటారు వాయించే మైకేల్, డ్రమ్స్ వాయించే పీటర్ తోబుట్టువులే. మైకు ఒక్కటే కాబట్టి ఎవరు ఎంత గట్టిగా వినపడాలన్నది చాలావరకు ఎంత దూరంలో నిలబడ్డారన్న దాని మీద ఆధారపడుతుంది. దూరం రెట్టింపైతే నేరుగా వచ్చే ధ్వని తీవ్రత నాలుగో వంతుకు పడిపోతుంది. తొమ్మిదో తరగతి పిల్లలకు వర్గాల పాఠంలో చెప్పడానికి ఇంతకన్నా మంచి ఉదాహరణ నాకు అప్పట్లో దొరకలేదు. మార్గో గొంతు చెవిలో రహస్యం చెప్పినట్టు ఉంటుంది. ఆమె మొదటి పాట ఒంటరిగా, వాద్యం లేకుండా పాడినప్పుడు హాల్లో ఎవరూ కదలరు. కానీ నిజం చెప్పాలి, సగం దాటాక అన్నీ ఒకే నడకలో, ఒకే దిగులులో సాగుతాయి. నేను రెండుసార్లు కుర్చీలోనే నిద్రపోయాను. అబ్బాయికి ఈ మాట చెప్పలేదు.

మిగిలిన రెండూ న్యూయార్క్‌లో ఈస్ట్ 30వ వీధిలోవి. అదీ ఒకప్పుడు చర్చే. కొలంబియా అనే రికార్డుల కంపెనీ తీసుకుని స్టూడియోగా మార్చుకుంది. అమెరికన్ జాజ్ ట్రంపెట్ విద్వాంసుడు మైల్స్ డేవిస్ 'కైండ్ ఆఫ్ బ్లూ' 1959లో మార్చి 2న, ఏప్రిల్ 22న అక్కడ రికార్డయింది. దీని కొత్త ప్లేటు మే నెలలో తెప్పించుకున్నాను. ఏ దుకాణమో అనవసరం. కొరియర్ బండిలో ఎండకు మగ్గి మగ్గి అప్పడంలా వంకర తిరిగి వచ్చింది. ముల్లు దాని మీద పడవలా ఊగింది, పియానో స్వరాలన్నీ గమకాలు పోయాయి. మార్చి ఇవ్వడానికి మూడు వారాలు, పదకొండు ఫోన్లు. ఎండాకాలంలో రికార్డులు తెప్పించుకోకండి, తప్పదంటే కొరియర్ ఆఫీసుకే వెళ్లి తెచ్చుకోండి.

మంచి ప్లేటు వచ్చాక మొదటి పాట 'సో వాట్' పెట్టి, అలవాటుగా ఫోనులో శ్రుతిపెట్టె తెరిచాను. రెండు శ్రుతి. స్వరాలు అచ్చంగా మన ఖరహరప్రియ రాగానివే: చతుశ్రుతి రిషభం, సాధారణ గాంధారం, శుద్ధ మధ్యమం, చతుశ్రుతి ధైవతం, కైశికి నిషాదం. పదహారు ఆవర్తాలయ్యాక అదే రాగం అమాంతం రెండున్నర శ్రుతికి ఎక్కుతుంది, ఎనిమిది అక్కడ తిరిగి, మళ్లీ కిందికి దిగి ఎనిమిది. మనవాళ్లు గ్రహభేదం చేస్తే, అంటే రాగంలోని మరో స్వరాన్ని షడ్జమంగా అనుకుని వాయిస్తే, అసలు షడ్జమం కదలకుండా తంబురా కావలి కాస్తూ ఉంటుంది. వీళ్లు ఇల్లంతా ఎత్తి అరమెట్టు పైన పెట్టేశారు. మొదట ఒళ్లు జలదరించింది, నాలుగోసారికి ఆ మలుపు కోసం ఎదురుచూడటం మొదలుపెట్టాను.

నా దగ్గర ఈ రికార్డు పాత ప్రతి కూడా ఉంది. హైదరాబాద్ ఆబిడ్స్‌లో ఆదివారం ఫుట్‌పాత్ మీద ఎప్పుడో కొన్నది. అదే పాట దాని మీద శ్రుతిపెట్టెకు కలవలేదు. రెండు కాదు, రెండున్నర కాదు, రెండుంపావు! నా ప్లేయరు పాడైందనుకుని రెండో వైపు తిప్పితే అది సరిగ్గా ఉంది. సంగతేమిటంటే మార్చి 2న వాడిన టేపు యంత్రం కాస్త నెమ్మదిగా తిరిగింది. దాన్ని మామూలు వేగంతో నడిపి ప్లేట్లు కొట్టారు కాబట్టి ఆ రోజు వాయించిన మూడు పాటలూ, అంటే మొదటి వైపు మొత్తం, శ్రుతి హెచ్చి వినిపించాయి. 1990లలో, ఆ రోజు పక్కనే నడిచిన రెండో యంత్రం టేపు తీసి సరిచేసేదాకా మూడు దశాబ్దాలకు పైగా ప్రపంచమంతా అలాగే విన్నది. వీణ పక్కన పెట్టుకుని వినేవారు కొత్తదే కొనండి. పాతదాని హుషారు వేరు అనేవారూ ఉన్నారు. ఆ మాట నేనూ కొట్టిపారెయ్యలేను, అదే వైపున్న 'ఫ్రెడీ ఫ్రీలోడర్' పాత ప్లేటు మీదే నాకు బాగుంటుంది.

గూల్డ్ గోల్డ్‌బెర్గ్‌ను అదే గదిలో రెండుసార్లు రికార్డు చేశాడు. 1955లో ఇరవై రెండేళ్ల వయసులో, మళ్లీ 1981లో. మొదటిది 38 నిమిషాల్లో పరుగెత్తి ముగుస్తుంది, రెండోది 51 నిమిషాలు. మొదట్లో వచ్చే ఆరియా, అంటే మిగతావన్నీ దేని మీద అల్లారో ఆ చిన్న రచన, ఒక్కటే చాలు తేడా తెలియడానికి: అప్పుడు రెండు నిమిషాలు కూడా పట్టలేదు, ఇప్పుడు మూడు దాటింది. కొనేటప్పుడు కవరు మీద సంవత్సరం చూసుకోండి. నేను చెబుతున్నది 1981ది. 1982లో అది విడుదలైన కొద్ది రోజులకే, అక్టోబరులో, ఆయన యాభై ఏళ్లకు పోయాడు. స్టూడియో అంతకుముందే మూతపడింది. తరవాత కూల్చేసి అపార్టుమెంట్లు కట్టారు. మాది కూడా అపార్టుమెంటే కాబట్టి ఏమీ అనలేను.

లెక్కల టీచరుకు ఇది పండగ. ముప్పై వేరియేషన్లు, అంటే ఆ ఆరియాకే ముప్పై రకాల అల్లికలు. ప్రతి మూడోదీ ఒక కానన్, అంటే ఒక గొంతు పాడినదాన్నే కాసేపాగి ఇంకో గొంతు అందుకుంటుంది. మూడోదాంట్లో రెండోగొంతు అదే స్వరం మీద మొదలవుతుంది, ఆరోదాంట్లో ఒక స్వరం పైన, తొమ్మిదోదాంట్లో ఇంకొకటి జరిగి, అలా ఇరవై ఏడు దాకా మెట్లెక్కుతూ పోతుంది. ముప్పయ్యోదాని దగ్గర అందరూ మరో మెట్టు ఎదురుచూస్తుంటే బాఖ్ రెండు జానపద పాటలు కలిపి పెట్టేశాడు. క్లాసు చివర్లో లెక్క ఆపి కథ చెప్పినట్టు. మా ఆయనకు ఈ లెక్కలు పట్టవు. ఆయనకు కావలసింది కూనిరాగం. నిన్న రాత్రి పదిగంటలకు, రామాలయం మైకు ఆగాక, నేను అడగకుండానే లేచి ఫ్యాను ఆపి వచ్చి కూర్చున్నారు. "ఆ పెద్దమనిషి ఈ వైపు ఎక్కడ పాడతాడు?" అని అడిగారు.